బావి దగ్గర తాడు లాక్కున్న రోజు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పెద్దవాళ్ళు నలుగురు కూడితే బళ్ళారి మాటే. కణేకల్ దగ్గరి మా ఊరికి సంతైనా, ఆసుపత్రైనా, పెళ్ళిబట్టలైనా బళ్ళారే. ఆంధ్రరాష్ట్రం ఏర్పడేటప్పుడు అది కన్నడంవాళ్ళ మైసూరు రాష్ట్రంలోకి పోయిందని తెలిసిన రోజు మా నాయన అన్నం ముట్టలేదు. "మనకు అన్యాయం చేసినారు" అని ఆయన అన్న మాట నాలో గట్టిగా నాటుకుంది.

మా పక్కింట్లో కన్నడం మాట్లాడే కుటుంబం ఉండేది. వాళ్ళమ్మాయి నాకంటే నాలుగేళ్ళు పెద్దది. అక్కా అని పిలిచేదాన్ని. రోజూ నాకు తల దువ్వి జడ వేసేది ఆమే.

ఆ వేసవిలో ఊరిబావి అడుగంటింది. ఒక పొద్దున అక్క బిందెతో వచ్చి తాడు అందుకోబోతే నేను లాక్కున్నాను. "ఇవి మా నీళ్ళు. మీ బళ్ళారికి పోయి చేదుకోపో!" అన్నాను. అక్కడున్న ఆడవాళ్ళలో ఒకామె "బాగా చెప్పినావే" అని నవ్వింది. ఎవరూ నన్ను ఆపలేదు. అక్క ఖాళీ బిందెతో వెనుదిరిగింది.

ఇంటికొచ్చి ఆ సంగతి గొప్పగా చెప్పాను. మా తాతయ్య విన్నాడు. వయసులో ఉన్నప్పుడు, మొదటి ప్రపంచయుద్ధంలో, ఆయన తెల్లదొరల పటాలంలో కంచరగాడిదలు తోలడానికి ఇరాక్‌లోని బస్రా వైపు వెళ్ళి, టర్కీ సైన్యానికి చిక్కి, ఎడారిలో ఖైదీగా రైలుకట్ట పని చేసి బతికొచ్చిన మనిషి. ఆ రోజుల గురించి ఎన్నడూ నోరు విప్పలేదు. ఆ పొద్దున నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని విప్పాడు.

ఆర్మేనియన్లని ఒక జాతివాళ్ళను టర్కీ సర్కారువాళ్ళు ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించి ఆ ఎడారిలో నడిపించారట. తమకంటూ ఒక దేశం కావాలని శత్రువులతో చేరారని అందరి మీదా నేరం మోపారు. ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. దారిపొడుగునా ఎందరో చచ్చిపోయారు, ఎందరినో చంపేశారు. చుట్టుపక్కల ఉండే కుర్దులనే ఇంకో జాతివాళ్ళలో కొందరు ఆ గుంపులను దోచుకుంటే, కొందరు పిల్లలను తమ ఇళ్ళలో దాచారు. తాతయ్యకు కాపలా ఉన్న టర్కీ సిపాయి తన రొట్టెలో సగం ఆయనకు పెట్టేవాడట. తన అమ్మానాన్నలను ఇంకో రాజ్యంవాళ్ళు సొంత ఊరినుంచి తరిమేశారని చెప్పి ఏడ్చేవాడు. అంత ఏడ్చిన మనిషీ, ఈ పిల్లల గుంపు పోతుంటే ముఖం తిప్పుకునేవాడు.

"వాని ఏడుపు అబద్ధం కాదు పాపా. మీ నాయన బాధా అబద్ధం కాదు" అన్నాడు తాతయ్య. "అయితే ఆ గుంపులోనుంచి ఒక పిల్ల, నీయంతే ఉంటాదేమో, నాకాడికొచ్చి నోటికాడ చెయ్యి పెట్టి నీళ్ళడిగింది. నా తిత్తిలో నీళ్ళుండె. సిపాయి కొడతాడని భయపడి ఇయ్యలేదు."

"ఆ పిల్ల ఏమాయ తాతా?"

"ఆడనే కూలబడింది. నేను పనికి పోయినాను."

తాతయ్య ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

బిందె నిండా నీళ్ళు మోసుకుని పక్కింటికి వెళ్ళాను. "తప్పైపాయ అక్కా" అన్నాను. ఆమె నీళ్ళు బానలో ఒంపుకుని, బిందె నా చేతికిచ్చి, "ఇరలి" అంది. ఉండనీలే అని, కన్నడంలో. అప్పటిదాకా నాతో తెలుగే మాట్లాడేది. ఆ తర్వాత ఒక్క తెలుగు మాటా మాట్లాడలేదు, జడా వేయలేదు. ఆ ఏడే వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి బళ్ళారి వైపు వెళ్ళిపోయారు. మళ్ళీ ఆమెను చూడలేదు.

నాకిప్పుడు ఎనభై దాటాయి. ఆ ఎడారిలో అలాంటిదేమీ జరగలేదనేవాళ్ళు ఇంకా ఉన్నారని మా మనవరాలు ఫోనులో చదివి చెప్పింది. మా తాతయ్య చూశాడు. చూసిందే కాదు, తాను చేయలేకపోయింది కూడా ఎనిమిదేళ్ళ పిల్లనైన నా దగ్గర దాచలేదు. మా కరువుసీమకు జరిగిన అన్యాయాల గురించి నేను ఈరోజుకీ గట్టిగానే మాట్లాడతాను. మాట్లాడిన ప్రతిసారీ, దాహంతో వచ్చిన అక్క చేతికి తాడు అందనివ్వనిది నేనేనని కూడా చెబుతాను.