తీగలు ఉడకబెట్టిన దానియేలు సార్

గాలి విమానాశ్రయం వైపు నుంచి వీచే సాయంత్రాల్లో మా శంషాబాద్‌లో కిరసనాయిలు లాంటి వాసన వస్తుంది. విమానాల ఇంధనం వాసనట. ఫంక్షన్ హాల్లో స్పీకర్లకు వైర్లు లాగుతూ ఉంటే ఆ వాసన తగులుతుంది, చేతిలో పని ఆగిపోతుంది. పక్కనే ఉన్న సాతంరాయి చర్చి వెనక గదిలో గిటారు తీగలను కిరసనాయిలు గుడ్డతో తుడుస్తూ కూర్చునే దానియేలు సార్ గుర్తొస్తారు. ప్రేమ ఒక్కటే పొంగుకొస్తుందని అబద్ధం ఆడను. ముందు కోపం వస్తుంది. అందులో కొంత ఆయన మీదే.

చిన్నప్పుడు చర్చిలో మాకు పాటలు, గిటారు నేర్పింది ఆయనే. అంతకుముందు, డెబ్బైల్లో, నగరంలో కుర్రకారును ఊపేసిన బ్లూ లాంతర్స్ అనే రాక్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించారు. మిగతావాళ్లంతా పెద్దింటి పిల్లలు, ఇంగ్లీషు బడుల్లో చదివినవాళ్లు. ఈయనొక్కడే సాతంరాయి రైతు కొడుకు. వాళ్లతో బెంగళూరు, మద్రాసు, బొంబాయి టూర్ తిరిగారు. కొత్త తీగలు దొరకని రోజులవి. మొద్దుబారిన తీగలను నీళ్లలో ఉడకబెడితే మురికి వదిలి మళ్లీ ఖంగుమంటాయని ఆ టూర్‌లోనే తెలుసుకున్నారట. ఆ విద్యను ఇంటి పొయ్యి మీదికీ తెచ్చారు.

"బువ్వ వండే గిన్నెల తీగలు ఉడకబెడ్తవా? ఇగ పొద్దుమీకి గివే తింటమా ఏంది?" అని భార్య సుగుణమ్మ గరిట పట్టుకుని వచ్చేది. సార్ మాత్రం పప్పు ఉడికిందో లేదో చూసినట్టు తీగను పైకెత్తి చూసేవారు. మేము పడీ పడీ నవ్వేవాళ్లం.

చర్చిలో ఒకాయన నన్ను ఆడపిల్లకు గిటారెందుకని ఎగతాళి చేశాడు. ఆదివారం ఆయన పాడే పాటకు నేను వాయించనని మొండికేశాను. సార్ గిటారు తెచ్చి నా ఒళ్లో పెట్టారు. "పాడేటోడు మంచోడా చెడ్డోడా అని తీగ అడగదు బిడ్డా. మనం గూడ అడగొద్దు. పని చెడగొట్టుడు మనకు రావొద్దు." అప్పుడు అది వేదవాక్కులా వినిపించింది.

బ్యాండ్ ఎందుకు వదిలారని ఒకసారి అడిగాను. బొంబాయిలో ఆఖరి ప్రదర్శనకు పత్రికలవాళ్లు ఫొటోలు తీయడానికి వచ్చారట. బ్యాండ్ లీడర్ కిశోర్ తన చిన్నాన్న కొడుకును తీసుకొచ్చి, "డానీ, ఈ ఒక్కసారి కొంచెం పక్కన ఉండు" అన్నాడట.

"మరి మీరేం చేశారు సార్?"

"ఏం జేస్త? శ్రుతి చేసి గిటారు ఆయన చేతికిచ్చిన. మళ్ల టూర్‌కు పిలుస్తమన్నరు గద."

ఆ మాట పట్టుకుని బతికారు. కొత్తూరు ఫ్యాక్టరీలో ఉద్యోగం పర్మనెంట్ చేస్తామంటే, టూర్‌కు పిలుపొస్తే సెలవు దొరకదని ఒప్పుకోలేదు. చివరిదాకా టెంపరరీగానే పనిచేశారు. సుగుణమ్మ తిట్టి తిట్టి ఊరుకుంది.

పిలుపు రానే వచ్చింది, ఆయన జుట్టంతా నెరిసిన తర్వాత. విమానాశ్రయం దారిలో ఒక పెద్ద హాల్లో బ్లూ లాంతర్స్ మళ్లీ కలిసి వాయిస్తున్నారు. సౌండ్ పని నాదే. కిశోర్ స్వయంగా ఫోన్ చేసి, "నువ్వు తప్పకుండా రావాలి డానీ" అన్నాడట. సార్ తీగలు ఉడకబెట్టారు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించారు. గిటారు భుజానికి తగిలించుకుని పెళ్లికొడుకులా వచ్చారు.

కిశోర్ ఆయన్ను గట్టిగా కౌగిలించుకుని స్టేజి వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ బ్యాండ్ వాళ్ల గిటార్లు వరసగా ఉన్నాయి. "నీ చెయ్యి పడితేనే ఇవి పలుకుతాయి డానీ. కాస్త శ్రుతి చేసి పెట్టు." బేస్ వాయించడానికి బెంగళూరు నుంచి ఒక కుర్రాడు వచ్చి ఉన్నాడు.

"పోదాం పాండి సార్. వాళ్ల తిప్పలు వాళ్లు పడ్తరు" అన్నాను.

"పోతే పాట చెడ్తది బిడ్డా." ఆయన అప్పటికే మొదటి గిటారు ఒళ్లోకి తీసుకున్నారు. ఒక్క తీగైనా వదులుగా ఉంచుతారేమోనని ఆశపడ్డాను. ఉంచలేదు.

ప్రదర్శన చివర కిశోర్ హాలు యజమానికి, భోజనాలవాళ్లకు, ఆఖరికి పూలదండలు తెచ్చినవాళ్లకు కూడా ధన్యవాదాలు చెప్పాడు. సార్ స్టేజి వెనక నుంచి వచ్చి నన్ను మెల్లగా అడిగారు. "నా పేరు చెప్పిండా? వెనకాల సరిగ్గ వినవడలే."

"చెప్పలేదు సార్."

"మర్చిపోయిండు గావచ్చు. స్టేజి మీద మస్తు పరేషాన్ ఉంటది." అంతే, నా వైర్లు చుట్టడానికి వంగారు.

పోయినేడు సార్ చనిపోయారు. నేను ఫోన్ చేసి చెప్పినా బ్యాండ్ నుంచి ఒక్కరూ రాలేదు. నెల కిందట కిశోర్ మళ్లీ అదే హాలుకు వచ్చాడు. గిటార్లు చూసుకుంటూ, "మా టూర్లలో ఒకతను ఉండేవాడమ్మా. భలే శ్రుతి చేసేవాడు. పేరే గుర్తు రావట్లేదు" అన్నాడు.

"దానియేలు" అన్నాను.

"ఆ, డానీ! నా గొంతు కొంచెం బాగా వినిపించేలా చూడమ్మా."

మైకు మీటలు నా చేతి కింద ఉన్నాయి. ఒక్క మీట మరీ పైకి తోస్తే ఆ గొంతు గరగరలాడి అందరి ముందూ నవ్వులపాలయ్యేది. నా వేళ్లు మాత్రం దాన్ని ఎంత బాగా వినిపించాలో అంత బాగా వినిపించాయి. చప్పట్లు మోగాయి. కిశోర్ మీద కోపం నేనెప్పుడో వదిలేశాను. పని చెడగొట్టడం చేతకాని ఈ చేతిని నాకిచ్చిన దానియేలు సార్‌నే ఇంకా క్షమించలేకపోతున్నాను.