మూడో మెట్టు మీద కాఫీ తూకం

రెండువేల తరవాతి సంవత్సరాలవి. విశాఖపట్నంలో ఒక బట్టల దుకాణం పైన మా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. నేను అక్కడ టెస్టర్ని. ప్రోగ్రామర్లు రాసినదాంట్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. కొయ్యూరు దగ్గర మిషన్ బడిలో పంతులుగా చేసిన మా నాన్నకి ఇది వివరించబోతే, "అంటే పేపర్లు దిద్దడమే కదా" అని తేల్చేశాడు. ఆయన దిద్దితే పిల్లలు భయపడేవాళ్లు. నేను దిద్దితే ప్రోగ్రామర్లు నాతో టీ తాగడం మానేసేవాళ్లు.

ఆ ఏడు అరకులో ఒక కాఫీ రైతుల సంఘం మాకు పని అప్పగించింది. రైతులు తెచ్చిన కాఫీ పళ్లు తూచి, ఎవరు ఎంత తెచ్చారో కంప్యూటర్లో ఎక్కించి, చీటీ ముద్రించి ఇవ్వాలి. అంతే. కానీ మా బాసుకి అదే సమయంలో ఒక కోరిక పుట్టింది. టెస్టింగ్ ఎంత పద్ధతిగా చేస్తారో చూసి కంపెనీలకి మెట్లు ఇచ్చే విధానం ఒకటుంది. మొత్తం ఐదు మెట్లు. ఏ పద్ధతీ లేనివాళ్లు మొదటి మెట్టు మీద ఉన్నట్టు లెక్క, అంటే అక్కడికి చేరడానికి పుడితే చాలు. బాసుకి మూడో మెట్టు సర్టిఫికెట్ కావాలి. అందుకని హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన్ని పిలిపించాడు. ఆయన రాగానే బాసు ఏదో సదస్సుకి వెళ్లి, ఇప్పుడు లోకమంతా ఎజైల్ నడుస్తోందని విని వచ్చాడు. రెండేసి వారాల్లో కొంచెం కొంచెం తయారుచేసి, వాడేవాళ్లకి చూపించి, వాళ్లన్నదాన్నిబట్టి దిద్దుకోవడమే ఎజైల్. ఆ రెండు వారాల్ని స్ప్రింట్, అంటే పరుగు, అంటారు. దానికోసం బెంగళూరు నుంచి ఒక యువకుణ్ణి రప్పించాడు.

"రెండూ కలిపేద్దాం. పెసరట్టులో ఉప్మా పెట్టుకోవట్లేదా?" అన్నాడు మీటింగులో.

పెసరట్టుకీ ఉప్మాకీ పాత కక్షలు ఉండవు. వీళ్లిద్దరికీ ఉన్నాయి. పెద్దాయనకి మేము మెట్ల మాస్టారనీ, యువకుడికి పరుగుల మాస్టారనీ పేర్లు పెట్టుకున్నాం.

చలికాలంలో, కాఫీ కోతల వేళ అందరం అరకు వెళ్లాం. తూకం జరిగే షెడ్డు ముందు పొద్దున్నే నిలబడి, నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం అని తలా ఒక ముక్క చెప్పాలని పరుగుల మాస్టారి నియమం. నిలబెట్టడం ఎందుకంటే, కాళ్లు నొప్పెడితే మాటలు తగ్గుతాయట. మెట్ల మాస్టారు ఒప్పుకున్నాడు, కాకపోతే ఎవరేమన్నారో రాసి అందరూ సంతకం చేయాలన్నాడు. రాసేది ఆయనే. ముత్యాల్లాంటి దస్తూరి, నత్తలాంటి వేగం. చివరికి షెడ్డులోంచి కుర్చీలు తెప్పించుకుని కూర్చునే నిలబడ్డాం.

చేయాల్సిన పనులన్నీ రంగు చీటీల మీద రాసి గోడకి అంటించమనేవాడు పరుగుల మాస్టారు. పొగమంచుకి గోడ చెమర్చి చీటీలు రాలిపోయేవి. వాటిని నేల మీంచి ఏరుకుని, ఏ పని అయిందో ఏది కాలేదో ఊహించుకునేవాళ్లం.

ఇలా నడుస్తుండగా నాకొక తప్పు దొరికింది. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరూ ఒకే పేరూ ఉన్న రైతులు ఇద్దరు వస్తే, రెండో మనిషిని కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు. మా మన్యం ఏజెన్సీ ఊళ్లలో అలాంటివాళ్లు వీధికి ఇద్దరుంటారు. మెట్ల మాస్టారికి చెప్పాను.

"టెస్ట్ ప్లాన్‌లో ఈ కేసు ఉందా అమ్మా?"

"లేదు సార్."

"మరి లేని కేసుని ఎలా పరీక్షించావు?"

పరుగుల మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన గోడకేసి చూశాడు. "ఈ స్ప్రింట్‌లో లేదు కదండీ. వచ్చే స్ప్రింట్‌లో చూద్దాం."

ఆ నెలంతా దేనిమీదా ఒకటి కాని ఇద్దరూ ఆ తప్పుని కాదనడంలో మాత్రం ఒక్కటయ్యారు. నాకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది.

సంఘం పెద్దలకి చూపించే రోజు బాసు కొత్త కోటు వేసుకుని దిగాడు. తూకం బాగానే నడిచింది. ఇంతలో ఒకామె గంప దించింది. పేరు కొట్టగానే కంప్యూటర్ ఆగిపోయింది.

"అమ్మా, మీరు పొద్దున్నే ఇచ్చేశారు," అన్నాడు బాసు, తెర చూసి.

"ఏటి బాబూ, నానిప్పుడే గదా గంప దించినాను! ఎప్పుడిచ్చినానంతావు?"

"కంప్యూటర్లో ఉందమ్మా."

"దానికేటి తెలుసు? పొద్దున తెచ్చింది గెడ్డ అవతలామె. నాను గెడ్డ ఇవతలామెని. దాని మొకం సూడు, నా మొకం సూడు. ఒక్కలాగున్నామేటి?" వెనక వరస ఘొల్లుమంది. "బేగి తూసి పంపండి, కోతకెళ్లాల."

బాసు నావైపు తిరిగాడు. "ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను సార్," అన్నాను. మాస్టార్లిద్దరూ కొండల అందం చూస్తున్నారు.

ఆమె పళ్ల తూకం కాగితం మీద రాసుకుని ఆమెని పంపాం. మర్నాడు బాసు, మనసు కుదుటపడ్డానికని, మాస్టార్లిద్దర్నీ తీసుకుని బొర్రా గుహలకి వెళ్లాడు. మాతో వచ్చిన ప్రోగ్రామరూ నేనూ షెడ్డు అరుగు మీద కూర్చున్నాం. ఏమేమి సరిగ్గా వస్తే పని అయినట్టో ముందే ఒక కాగితం మీద రాసుకున్నాం. ఒకే పేరువాళ్లు, ఒకే తండ్రి పేరువాళ్లు, పెళ్లయి ఊరు మారినవాళ్లు. ఆ తరవాతే అతను ప్రోగ్రామ్ ముట్టుకున్నాడు. మనిషికో కార్డు నంబరు పెట్టాడు. సాయంత్రం గంపలతో వచ్చిన ఆడవాళ్లకి చూపించాం. వాగుకి ఇవతలామె తన చీటీ అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇప్పుడు నాను నానేనేటే గుంటా?" అంది నాతో, కూతుర్ని పిలిచినట్టు.

"నువ్వేనమ్మా."

"మంచిదే," అని కొంగున ముడేసుకుంది.

ముందు రాసుకోవడం మెట్ల మాస్టారి పాఠం. వెంటనే చూపించడం పరుగుల మాస్టారి పాఠం. నిజం చెప్పాలంటే రెండూ మంచి పాఠాలే. అవి కలిసిన రోజు మాత్రం మాస్టార్లు ఊళ్లో లేరు.

సర్టిఫికెట్ వచ్చింది. అది ఇవ్వచ్చో లేదో చూడ్డానికి వచ్చినాయన అరకు వైపు వెళ్లనేలేదు. మెట్ల మాస్టారి కాగితాలు తిరగేసి, సంతకాలు చూసి ముచ్చటపడ్డాడు. విశాఖపట్నంలో సభ పెట్టారు. ఒకే పేరు రైతుల సంగతి "మా కలయిక పద్ధతి ముందుగానే పసిగట్టిన ప్రమాదం"గా తెర మీద ప్రత్యక్షమైంది. నన్ను వేదిక మీదికి పిలిచి, మాస్టార్లకి పూలగుత్తి ఇమ్మన్నారు. తెప్పించింది ఒక్కటే. ఇద్దరూ చెరో వైపు నుంచి లేచి నిలబడ్డారు. నేను మధ్యలో ఆగిపోయాను. అప్పుడు బాసు నవ్వుతూ చేతులు చాపాడు. ఆయన చేతిలోనే పెట్టి దిగి వచ్చేశాను.