బావ తొక్కితే వెలిగే లైటు

కారు కొని తెచ్చిన రోజు మా బావ దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఎవరిదీ బండి అని అడిగాడు. నాదని తెలిసే అడిగాడు. చాయ్ పెడుతుంటే వద్దని వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎన్నిసార్లు చాయ్ తాగినా, ఆ రోజు తాగని చాయ్‌ని నేను మరిచిపోలేదు. అది కొత్త బండి కాదు, నిజమే. కానీ దాని ముందు సీట్లో మొదట కూర్చున్నది మా అక్క. పెళ్లికూతురిలా కొంగు సర్దుకుని మరీ కూర్చుంది.

మొన్న చలికాలంలో మద్నూరులో అక్క బిడ్డకు కాన్పు అయింది. మనవణ్ణి చూడడానికి నా కారులోనే తీసుకుపోతానని అక్కకు ముందే మాటిచ్చాను. ప్రయాణం రేపనగా బావ ఫోన్ చేశాడు. బాన్సువాడ బస్టాండ్ దగ్గర నా వెనకే బైకు మీద వచ్చాడట, నేను ఆగినప్పుడు బ్రేకు లైట్లు వెలగలేదట. అక్కడే పిలిచి చెప్పొచ్చు కదా. చెప్పలేదు.

"మద్నూర్ రోడ్డు మీద అన్నీ లారీలే. నువ్వు ఆగుతున్నవని ఎనుక వచ్చెటోనికి ఎట్ల తెలుస్తది? మీ అక్కను గా బండిల పంప. కిరాయి బండి మాట్లాడుత" అన్నాడు.

ఆ మాటతో నాకు పట్టుదల వచ్చింది. ఇంటి ముందే పని మొదలుపెట్టాను. మా ఆవిడ కారు వెనక నిలబడింది, నేను బ్రేకు తొక్కాను. వెలగలేదంది. రెండు బల్బులూ మార్చాను. వెలగలేదు. ఫ్యూజు తీసి చూశాను, అది బాగానే ఉంది. అసలు తొక్కుతున్నావా, ఊరికే కూర్చున్నావా అని ఆవిడ అడిగింది. అది వేరే గుర్తు పెట్టుకున్నాను.

చివరికి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయాను. నా తర్వాత వచ్చిన జీపును ముందు చూసి, తీరిగ్గా నా దగ్గరికి వచ్చాడు. వంగి బ్రేకును చేత్తో గట్టిగా నొక్కితే రెండు లైట్లూ భగ్గున వెలిగాయి. మంచిగనే ఉన్నయి గదన్నా అని నవ్వి పంపించాడు. ఇంటికొచ్చి నేను తొక్కితే మళ్లీ లేవు.

సాయంత్రం బావ, అక్క వచ్చారు. నన్ను దించి బావ కూర్చుని తొక్కాడు. వెలిగినయని వెనక నుంచి మా ఆవిడ చెప్పింది. నేను ఎక్కి తొక్కాను, లేవంది. మళ్లీ బావ, మళ్లీ వెలుగు.

"బండికి నువ్వు నచ్చలే, బామ్మర్ది" అన్నాడు బావ.

మాట గుచ్చుకుంది కానీ దాంతోనే సంగతి తట్టింది. రోడ్ల మీద వడ్లు ఆరబోసే ఊళ్లలో తిరుగుతాను కాబట్టి నేను బ్రేకును ఎప్పుడూ మెల్లగా తొక్కుతాను. బావది పామును తొక్కినట్టు తొక్కే కాలు. అంటే బల్బులూ వైర్లూ బాగానే ఉన్నాయి, కాలు పడిన కబురే లైటుకు ఆలస్యంగా అందుతోంది. స్టీరింగ్ కిందికి తల దూర్చి ఫోన్ లైటు వేశాను. బ్రేకు పెడల్ కాడకు పైన, చిన్న స్విచ్ ఉన్న చోట, ఆకుపచ్చ గుడ్డ ఒకటి మందంగా చుట్టి ఉంది. కాడ స్విచ్‌ను వదిలితే లైటు వెలగాలి. మధ్యలో ఈ గుడ్డ ఉండడంతో బాగా లోపలికి తొక్కితే తప్ప వదలడం లేదు.

దర్గాలో మొక్కి తెచ్చుకునే దట్టి అది. ఎవరు కట్టారని అడిగాను. అక్క బావ వైపు చూసింది. బావ నేల చూశాడు.

"పోయిన నెల బండితోని కాలువల పడబోయినవంట గదా. ఫికరైంది. మొక్కి తెచ్చి కట్టిన."

"అందరు అద్దానికి కడ్తరు బావా."

"అద్దం ఆపుతదా నిన్ను? ఆపేది బ్రేకు."

నాకు చెప్పకుండా తాళం తీసుకున్నందుకు, తానే కట్టి బండికి వంక పెట్టినందుకు, ఆనాడు తాగని చాయ్‌కి, అన్నింటికీ కలిపి అడిగేశాను. కట్టిన చెయ్యే విప్పాలని బావే వెల్లకిలా పడుకుని దట్టి విప్పాడు. ఇదీ ఆపేదే కదా అంటూ తెచ్చి హ్యాండ్ బ్రేకుకు కట్టాడు. నేను మెల్లగా తొక్కాను. వెలిగినయని మా ఆవిడ కేకేసింది. బావ అక్కడే నిలబడి కిరాయి బండి వద్దని ఫోన్ చేశాడు.

పొద్దున అక్క ముందు సీట్లో కూర్చుంది. ఊరు దాటేదాకా బావ బైకు మీద మా వెనకే వచ్చాడు. స్పీడ్ బ్రేకర్ దగ్గర నేను ఆగిన ప్రతిసారీ అద్దంలో ఆయన చెయ్యెత్తడం కనిపించింది. రైస్ మిల్లు దాటాక ఆగి, బైకు తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఒక్క మాటన్నా చెప్పకుండా పోయిండని అక్కతో అన్నాను.

"చెప్తే, అదొకటి యాది పెట్టుకుందువు తమ్మీ" అంది అక్క.

అయినా సరే, చెప్పి పోవాల్సింది.