ఈశ్వరమ్మక్క పోపు

ఇవాళ పొద్దున కింది వాటాలో ఎవరో వెల్లుల్లి మాడ్చారు. ఆ వాసన మెట్లెక్కి మా ఇంట్లోకి రాగానే నా గుండె ఝల్లుమంది. వెల్లుల్లి మాడితేనే ఇంత ఉలికిపాటా అని మావారు నవ్వారు. ఆయనకు ఈశ్వరమ్మక్క తెలియదు. పెళ్లికి ముందు, విమానాశ్రయంలో కౌంటర్ ఉద్యోగానికి వచ్చినప్పుడు, శంషాబాద్‌లో నాకు ఒక గది కిరాయికిచ్చిన ఇంటావిడ ఆమె. అన్నం వార్చడం కూడా రాని నాకు వంట నేర్పింది. ఆమె గురించి తెలిసిన ఒక్క సంగతికి ఆనాడు పడ్డ అదురు మాత్రం ఇంకా నన్ను వదల్లేదు.

వాళ్లకున్న పొలం అమ్ముకున్నారు. కొడుకు శ్రీశైలం పొద్దున్నే కారు కిరాయిలకు వెళ్లిపోయేవాడు. ఆమెకంటూ మిగిలిన రాజ్యం వంటగదే. నేను దిగిన మొదటి రోజే నా కుక్కర్ మూత ఎత్తి, వెలుతురుకు పట్టి, విజిల్ రంధ్రంలోంచి ఒంటికన్నుతో చూసింది. అందులో పప్పు పొట్టు అడ్డంపడి ఉంది. చీపురుపుల్లతో దాన్ని పొడిచి తీసి, "కడుగుడు రానోళ్లకు వండుడు రాదు బిడ్డా" అంది. నాకు ఒళ్లు మండింది గానీ, మర్నాటి నుంచి నేనూ ఆ రంధ్రంలోకి చూడటం మొదలుపెట్టాను.

వంట నేర్పడంలో ఆమెది వింత పద్ధతి. పోపు పెట్టేటప్పుడు మూకుడు వైపు చెవి వంచేది. ఆవాల చిటపట తగ్గాక జీలకర్ర, అది రంగు మారాక ఎండుమిర్చి. మా ఇంటి మీదుగా విమానాలు కిందికి దిగుతూ ఉండేవి. మోత వినబడగానే మంట తగ్గించేసి, "గాలిమోటరు పోనియ్యి, ఆగు" అనేది. అది దాటిపోయాకే ఆవాలు వేసేది. చాదస్తమనుకున్నాను. కూర దించగానే గరిటె నా ముఖం ముందు పెట్టి ఎలా ఉందని అడిగేది. బాగుందంటే ఒప్పుకునేది కాదు. ఏ వాసన వస్తోందో విడివిడిగా చెప్పమనేది. పరీక్ష పెడుతోంది కాబోలని, నేనూ కళ్లు మూసుకుని మెంతులూ, కరివేపాకూ అంటూ అప్పజెప్పేదాన్ని.

ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చాను. పొద్దుటి గాలిదుమారానికి ఆమె కిటికీలన్నీ మూసేసింది. వరండాలో అడుగు పెట్టగానే గ్యాస్ వాసన గుప్పున కొట్టింది. పొయ్యి మీద పాలు పొంగి మంటను ఆర్పేశాయి. పెరట్లో ఉన్న ఆమెకు విమానం మోతలో పాలు పొంగిన చప్పుడు వినబడలేదు. గోంగూర తెంపుకుని అప్పుడే లోపలికి వచ్చిన ఈశ్వరమ్మక్క, మళ్లీ వెలిగిద్దామని లైటర్ అందుకుంటోంది. ఆమె ముఖంలో కంగారు లేదు. నేను ఆమె చేతిలోని లైటర్ లాగేసి, ఆమెను రెక్క పట్టుకుని బయటికి ఈడ్చాను. సిలిండర్ కట్టేసి, తలుపులు బార్లా తీశాక, బయటికొచ్చి ఆమె ఎదుట నిలబడ్డాను.

ఇంత వాసన తెలియలేదా అక్కా అని గద్దించాను.

"నాకు వాసన రాదు బిడ్డా. నువ్వు రాకముందు జరం వచ్చి పోయినప్పటి సంది ఏ వాసనా రాదు."

కొడుకుకు తెలుసా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

"చెప్తే పొయ్యి కాడికి రానిస్తడా? పొలం పాయె. ఇదిగూడ పోతే ఇగ నేనేం జెయ్యాలె?"

పోపు దగ్గర ఆమె చెవి ఎందుకు వంచేదో అప్పుడు తెలిసింది. ఆమె నాకు పరీక్ష పెట్టలేదు. తన కూర ఏ వాసన వస్తోందో నిజంగానే నన్ను అడిగింది. ఇన్నాళ్లూ లొట్టలేసుకుంటూ తిన్న ఆ వంటను, వండిన మనిషి ఒక్కనాడూ వాసన చూడలేదు.

దాచడం నావల్ల కాదన్నాను. సాయంత్రం కొడుక్కి ఆమే చెప్పింది. శ్రీశైలం లైటర్ తీసి జేబులో వేసుకుని, "ఇగ వండుడు బంద్ అమ్మా" అన్నాడు. అతణ్ణి తప్పుపట్టలేను. కానీ ఈశ్వరమ్మక్క ఒళ్లో చేతులు పెట్టుకుని ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. అది చూడలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే నా తలుపు చప్పుడైంది. నానబెట్టిన చింతపండు గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది.

"పొయ్యి నీది, ముక్కు నీది. చెయ్యి నాది. ఒప్పుకుంటవా?"

నేను ఆ గది ఖాళీ చేసేదాకా ఆ ఇంటి వంట నా గదిలోని పొయ్యి మీదే సాగింది. ఆమె వండేది, నేను పక్కన నిలబడి ఒక్కో వాసనా చెప్పేదాన్ని. నిరుడు ఆమె పోయింది.

ఇప్పటికీ ఎవరింట్లో భోజనానికి కూర్చున్నా, వంట ఎలా ఉందని అడిగితే బాగుందని తేల్చేయలేను. నెయ్యి కమ్మగా కాగిందనో, పులుసులో ఇంగువ ముందుకొచ్చిందనో చెబుతాను. ఈమెకేం పిచ్చి అన్నట్టు చూస్తారు. చూడనీ. అడిగిన మనిషికి నిజంగానే తెలియకపోవచ్చు.