గోడ మీదుగా కనిపించిన తల్వార్

నేను ఎవరికో తల్వార్లు చేసిపెడుతున్నానని మారేడ్‌పల్లిలో పుట్టిన పుకారు అబద్ధం. పాత ఉక్కుతో కూరగాయల కత్తులు చేయడం, ఉద్యోగం విరమించిన నాటి నుంచి నా సరదా.

పోలీసు యాక్షన్ తరువాత ఆయుధమనే మాటకే అందరూ ఉలిక్కిపడుతున్నారు. ఈ ఉదయం పక్కింటి వకీలు గారు వచ్చి, "అమ్మా, దినాలు మంచిగ లేవు. ఆ కొలిమి జెర బంద్ చేయుండ్రి. లేకుంటే పోలీసులకు చెప్పక తప్పదు" అన్నారు.

"తల్వార్ చూసింది మీరేనా?"

"గోడ మీదికెల్లి నా కండ్లతోనే చూసిన. గింత పొడుగు, ఎర్రగ కాలుతున్నది!"

"అది బొల్లారం తుక్కులో దొరికిన లారీ కమాను పట్టీ. ఒంపు తీసి సాపు చేస్తే గానీ ముక్కలు కోయలేం. అందులో ఒక ముక్కనే మొన్న మీ ఆవిడ కత్తిపీటకు బిగించి ఇచ్చాను. నిన్నటి బీరకాయ దేనితో తరిగారు?"

పొరపాటు పడ్డానని మాత్రం ఆయన అనలేదు. "ఆడమనిషికి గీ పని ఎందుకమ్మా" అని గొణిగి వెళ్ళారు. నా ఒళ్ళు మండిపోయింది. ఇదే కొలిమి ఒక మగవాడి పెరట్లో ఉంటే ఆ పట్టీ తల్వార్‌లా కనిపించేదా? పఠనాలయం గోడ మీద నేను అంటించిన ఈ కాగితం చదువుతున్న మీరే చెప్పండి.

నేను మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు. మధ్యాహ్నమే కొలిమిని, ఇనుము పెట్టి సాగగొట్టే దాగలి దిమ్మను పెరట్లోంచి వీధి అరుగు మీదికి మార్పించాను. రేపటి నుంచి సుత్తి దెబ్బ అక్కడే పడుతుంది. గోడ మీదుగా తొంగిచూసే శ్రమ వకీలు గారికి ఇక ఉండదు.