అరిగిపోయిన నాణెం మీది రాజు

నా చిన్నప్పుడు జరిగిన సంగతి ఇది. నా తలమీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

నంద్యాలలో మాకు ఆదివారం బడి చెప్పే పక్కింటి అక్క, యేసు ప్రభువు రోము రాజు కైసరు బొమ్మ ఉన్న నాణెం తెప్పించి చూసిన కథ చెప్పింది. నేను లేచి, ఆ కైసరు నాణెం మా ఇంట్లో ఉందన్నాను. అప్పటికే నేను కోతలరాయుణ్ణి. పిల్లలు పడిపడి నవ్వారు. “వచ్చే ఆదివారం తెచ్చి, ఆ కైసరేనని చూపించురా. లేకుంటే నీ మాట ఇంక నేను గూడా నమ్మను” అంది అక్క.

నాణెమైతే ఉంది. వాన వెలిసినాక మా చేనిలో దొరికిన, చొక్కా గుండీ అంత కంచు బిళ్ల. మా బళ్లో అయ్యవారు చూసి, ఇట్లాంటి రోము నాణేలు మన సీమలో దొరుకుతాయన్నాడు. కానీ చిలుము పట్టి, అరిగి, దాని మీద ముఖమే కనపడదు. ఆరు నూరైనా ఆ ముఖం పట్టుకోవాలనుకున్నాను.

శనివారం బస్సెక్కి ఆళ్లగడ్డలో మా జేజినాయన దగ్గరికి పోయాను. మా నాయనకు నాయన ఆయన. రాళ్లు చెక్కేవాడు. సమాధుల మీద చెరిగిపోయిన పేర్లు చదివి మళ్లీ చెక్కడంలో దిట్ట. నేను చింతపండు తీసేసరికి చెయ్యి పట్టుకున్నాడు. “తోమితివంటే ఉండేది గూడా పోతాది. ఎండ వాలనీ.”

సాయంత్రపు ఎండకు నాణేన్ని ఏటవాలుగా పట్టి, కొద్దికొద్దిగా తిప్పుతూ కూర్చున్నాం. మెడలు పట్టేశాయి. ఉన్నట్టుండి నీడలోంచి ఒక ముక్కు లేచింది. తర్వాత గడ్డం. తల వెనక ముడేసిన పట్టీ, దాని రెండు కొసలు. రెండో వైపు ఈటెలు పట్టిన ఇద్దరు, నడుమ జెండా.

“ఆ కైసరే!” అని ఎగిరాను.

“పట్టీ కట్టినాడంటే రాజే. ఏ రాజు? పేరు యాడుంది?”

“అరిగిపోయింది కదా.”

“అయితే ఆడికే నిలబడు. కనపడినంతే చెప్పు. నేను ఊహించి పేరు చెక్కితే, ఒకరి నాయన సమాధి దగ్గర ఇంకొకరు ఏడుస్తార్రా.”

మర్నాడు ఆయన కూడా నంద్యాల వచ్చి వెనక కూర్చున్నాడు. నేను నిలబడి, “రోము రాజు. పేరు తెలీదు” అన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఇక ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి. ఆ చివరి మాట కల్పించాను. నిజానికి ఆ రోజు, “యేసు ప్రభువు చూసిన కైసరు ఇతనే” అన్నాను. అక్కతో సహా అందరూ చప్పట్లు కొట్టారు. జేజినాయన ఒక్కడే చేతులు ఒళ్లో పెట్టుకొని, నా వైపు చూడకుండా కూర్చున్నాడు. పై ఆదివారం లేచి నా మాట దిద్దుకున్నాను. నవ్వారు. నవ్వడం అయిపోయేదాకా కూర్చోకుండా నిలబడ్డాను.

అప్పటినుంచి కథ ఎంతైనా సాగదీస్తా గానీ, ఏది కల్పించానో చెప్పకుండా మాత్రం ముగించను.