‘అందరూ’కు వచ్చిన మెయిల్

ఎల్లేష్‌ది మోత్కూర్. తండ్రి అంజన్న తాళ్లెక్కి కల్లు గీసేవాడు. ఒకనాడు నడుముకు కట్టుకున్న మోకు జారి పడి ఆయన నడుం విరిగాక ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ చెట్టెక్కలేదు. ఎల్లేష్ నల్లగొండలో డిగ్రీ చదివి, కంప్యూటర్ పని నేర్చుకుని, రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు హాలియా దగ్గర ఒక ప్రైవేటు పాల కంపెనీలో చేరాడు. కంపెనీ మెయిల్ సర్వర్ అతని చేతిలోనే ఉండేది.

అందులో ‘అందరూ’ అని ఒక గ్రూపు అడ్రసు ఉంది. దానికి ఒక్క మెయిల్ పంపితే నాలుగు వందల మంది ఫోన్లకు చేరుతుంది. మేనేజరు, గుమస్తా తప్ప ఇంకెవరూ దానికి పంపడానికి వీల్లేదు. రవాణా చూసే దివాకర్‌కు అది నచ్చలేదు. అతడు యజమాని బావమరిది. ఒకరోజు వచ్చి ఎల్లేష్ కుర్చీని కాలితో తన్నాడు.

“బండి ఆగిందని చెప్పాల్నంటే నేను గుమస్తాను బతిలాడాల్నా? అందరికి తెరువు.”

ఎల్లేష్ తెరిచాడు. ఒక్కొక్క పేరూ చేర్చే ఓపిక లేక, ఎవరైనా పంపవచ్చునని పెట్టేశాడు. దాంతో బయటి అడ్రసుల నుంచి కూడా మెయిళ్లు రావచ్చు. తర్వాత సరిచేద్దామనుకున్నాడు. రెండేళ్లు గడిచిపోయాయి.

2018 ఎండాకాలంలో, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఊరూరా పుకారు లేచింది. దివాకర్ దారిలో పాలు దించి నీళ్లు కలిపిస్తున్నాడని ట్యాంకర్ డ్రైవర్ సాయిలు యజమానికి చెప్పింది కూడా ఆ రోజుల్లోనే.

ఒక ఉదయం పదింటికి పోలీసుల పేరుతో బయటి అడ్రసు నుంచి ‘అందరూ’కు మెయిల్ వచ్చింది. సాయిలు ఫొటో, బండి నంబరు, కింద రెండు ముక్కలు: వీడు పిల్లల దొంగ, కనిపిస్తే వదలొద్దు. సాయిలును ఎరిగినవాళ్లు నవ్వుకున్నారు. ఎరగనివాళ్లు వాట్సాప్‌లో ఊళ్లకు పంపారు. ఎల్లేష్ సర్వర్‌లోంచి దాన్ని తీసేశాడు గాని అప్పటికే అది చేతులు దాటింది. సాయిలుకు ఫోన్ చేస్తే అరుపులే వినిపించాయి.

ఆ పూట అతని బండి ఉండే హాలియా మార్కెట్‌కు ఎల్లేష్ పరుగెత్తేసరికి, సాయిలును ట్యాంకర్ నిచ్చెనకు కట్టేశారు. కర్రలు, చెప్పులు, కంకర రాళ్లు, ఎవరి చేతికి ఏది దొరికితే దానితో కొడుతున్నారు. అతని ఒక కన్ను అప్పటికే మూసుకుపోయింది. నోట్లోంచి నెత్తురు గడ్డలుగా జారుతోంది. ఎల్లేష్ జనాన్ని తోసుకుంటూ పోయి అతని మీద పడ్డాడు.

“మా కంపెనీ డ్రైవరే. గా మెయిలు దొంగది.”

“వీడు గూడ గా ముఠానే,” అన్నాడొకడు. ఇనప పైపు ఎల్లేష్ ఎడమ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. పోలీసు జీపు వచ్చేదాకా దెబ్బలు ఆగలేదు.

మూడో రోజున సాయిలు దవాఖానలో చనిపోయాడు. అతని భార్య యాదలక్ష్మి వరండాలో ఎల్లేష్‌ను నిలదీసింది.

“గా మెయిలు ఎవలు పంపిన్రు?”

“పంపినోడు వేరే, అక్కా. తొవ్వ ఇచ్చింది మాత్రం నేనే.”

ఆమె రెండు చేతులతో అతని విరిగిన భుజం మీదే కొట్టింది. అలిసిపోయేదాకా కొట్టింది. అతడు పక్కకు జరగలేదు.

మర్నాడు కట్టుతోనే ఆఫీసుకు వెళ్లి బయటి అడ్రసులన్నీ ఆపేశాడు. ‘అందరూ’కు మేనేజరును, గుమస్తాను మాత్రమే ఉంచాడు. ఆ మెయిల్ జాడ వెతికాడు. పంపినవాడి పేరు దొంగదే గాని, మెయిల్ తీసేసినా, అది బయలుదేరిన కంప్యూటర్ ఏదో సర్వర్ చిట్టాలో మిగిలే ఉంది. అది దివాకర్ బల్ల మీదిది. ఆ కాగితాలు పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి తిరిగొచ్చేసరికి అతని గదిలో దివాకర్ కాచుకుని ఉన్నాడు.

“తుడిచెయ్. లేకుంటే నిన్ను గూడ గట్లనే పంపుత.”

“ఇచ్చేసిన సార్.”

దివాకర్ కీబోర్డు ఎత్తి అతని ముఖం మీద కొట్టాడు. కిందపడితే విరిగిన భుజం మీద బూటుకాలితో తొక్కాడు. గుమస్తా యాదగిరి, మరో ఇద్దరు కలిసి దివాకర్‌ను పట్టుకుని బయటికి లాగారు. సాయంత్రం పోలీసులు అతన్ని తీసుకుపోయారు. రెండు నెలలకు బెయిలు మీద బయటికి వచ్చాడు.

యజమాని ఎల్లేష్‌ను పనిలోంచి తీసేశాడు. ఇప్పుడతను తిరుమలగిరిలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఎడమ చెయ్యి భుజం దాటి లేవదు. మొన్న నల్లగొండ కోర్టులో సాక్ష్యం చెప్పి బయటికి వస్తుంటే మెట్ల దగ్గర యాదలక్ష్మి ఎదురైంది.

“అంతా చెప్పినవా?”

“చెప్పిన. నా తప్పు గూడ చెప్పిన.”

ఆమె అతని ఎడమ భుజం వైపు చూసి, బస్సు కోసం నడిచింది.